ఫైనల్ ఫాంటసీ 14: కొత్త ఆటగాళ్లకు ప్రధాన కథను చూపించే తీరుపై సమీక్ష

చాలామంది ఆన్‌లైన్‌లో కలిసి ఆడే వీడియో గేమ్ ఫైనల్ ఫాంటసీ 14ను నేను ఏళ్ల తరబడి ఆడుతున్నాను. మధ్యమధ్యలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, గిల్డ్ వార్స్ 2, ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ ఆటల్లోనూ చాలా కాలం గడిపాను. పోరాటాల గురించీ గ్రాఫిక్స్ గురించీ రాసినవారు ఎందరో ఉన్నారు కాబట్టి ఈ సమీక్షలో ఒక్క విషయమే చూస్తాను: కొత్తగా అడుగుపెట్టినవారికి అసలు కథ ఎక్కడుందో, ఏ వరుసలో సాగుతుందో ఆట తనంతట తానే చెప్పగలుగుతోందా? ఎక్స్‌పాన్షన్లు, అంటే కొత్త కథనూ ప్రాంతాలనూ జోడించే అనుబంధ భాగాలు, ఒకదాని మీద ఒకటి వచ్చి చేరే ఆటలన్నింటికీ ఇది కఠినమైన పరీక్షే. పదేళ్ల కిందటి కథా, నిన్నమొన్నటి కథా ఒకే ప్రపంచంలో పక్కపక్కనే ఉంటాయి. వాటిలో ఏది ముందో ఏది వెనకో కొత్తవారికి తెలిసే అవకాశమే లేదు.

ఈ పరీక్షలో ఫైనల్ ఫాంటసీ 14కు నేను చాలా ఎక్కువ మార్కులు వేస్తాను. ఆట మొదలయ్యే నగరాల్లో ఒకటైన ఉల్దాలో మొదటి గంటనే తీసుకుందాం. వీధుల్లో నడుస్తుంటే ఎన్‌పీసీల (కంప్యూటర్ నడిపే పాత్రల) తలల మీద బంగారు రంగు ఆశ్చర్యార్థకాలు అడుగడుగునా కనిపిస్తాయి. అవి మామూలు సైడ్ క్వెస్టులు, అంటే ప్రధాన కథతో సంబంధం లేని చిన్న పనులు. ప్రధాన కథను ముందుకు నడిపే వ్యక్తి తల మీద మాత్రం మండుతూ రాలే ఉల్క ఆకారంలో వేరే గుర్తు ఉంటుంది. దానికి తోడు తెర మీద ఒక మూల తర్వాతి ప్రధాన క్వెస్టు పేరు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని నొక్కితే మ్యాప్ తెరుచుకుని వెళ్లవలసిన చోటు చూపిస్తుంది. ఊరంతా తిరిగి ఏ క్వెస్టు ముఖ్యమో ఊహించుకోవలసిన అవసరం లేదు. చాలా రోజులు ఆట మానేసి తిరిగి వచ్చినా ఆ పేరు అక్కడే ఉంటుంది. ఇంత చిన్న ఏర్పాటు ఇంత మేలు చేస్తుందని ఇతర ఆటలు ఆడినప్పుడే నాకు బాగా అర్థమైంది.

గుర్తులకంటే బలమైన కారణం మరొకటి ఉంది. ఈ ఆటలో చాలా డంజన్లూ (జట్టుగా శత్రువులతో పోరాడే ప్రత్యేక స్థలాలు), కొత్త ప్రాంతాలూ, ఎక్స్‌పాన్షన్లూ ప్రధాన కథ పూర్తిచేసిన మేరకే తెరుచుకుంటాయి. కథను పక్కన పెట్టి లెవెల్ మాత్రమే పెంచుకున్నవారు కొంత దూరం వెళ్లి ఆగిపోవలసిందే. దీనివల్ల వరుస తప్పడం దాదాపు అసాధ్యం. అయితే ఇందులో ఇబ్బంది కూడా ఉంది: అప్పటికే చివరి దశలో ఉన్న స్నేహితులతో కలిసి కొత్త ప్రాంతాలు చూడాలని చేరినవారు, ముందుగా కొన్ని వందల క్వెస్టులు దాటాలి. కథను దాటవేసే వస్తువును డబ్బులిచ్చి కొనుక్కోవచ్చు గాని, మొదటిసారి ఆడేవారికి దాన్ని నేను ఎంతమాత్రం సిఫారసు చేయను. ఈ ఆటలో పాత్రల మధ్య బంధాలన్నీ నెమ్మదిగా అల్లుకున్నవే కాబట్టి, మధ్యలోకి దూకినవారికి చివరి ఘట్టాల బరువు తెలియదు.

ఆ సుదీర్ఘ మార్గాన్ని తయారీదారులు కొంత సులభం చేశారు కూడా. 2013లో మొదలైన తొలి కథలో సాగదీతగా అనిపించే క్వెస్టులను 2020లో వచ్చిన 5.3 ప్యాచ్‌లో (ఆటకు చేసిన అప్‌డేట్‌లో) తగ్గించారు. అదే ప్యాచ్‌లో, అప్పటిదాకా ఐచ్ఛికంగా ఉన్న క్రిస్టల్ టవర్ కథను ప్రధాన కథలో తప్పనిసరి భాగం చేశారు. నా దృష్టిలో ఇది చాలా మంచి నిర్ణయం. 2019 నాటి షాడోబ్రింగర్స్ ఎక్స్‌పాన్షన్ ఆ కథ మీద గట్టిగా ఆధారపడి ఉంది, అది తెలియనివారికి అందులోని ఒక ముఖ్య పాత్ర వేదన సగమే చేరుతుంది. 2022లో డ్యూటీ సపోర్ట్ అనే ఏర్పాటు వచ్చాక, కథలోని తొలి డంజన్లను అపరిచితులతో కాకుండా ఎన్‌పీసీ సహచరులతో పూర్తిచేసే వీలు కలిగింది. కట్‌సీన్ (కథను చూపే వీడియో దృశ్యం) చూస్తూ వెనకబడితే మిగతావారు విసుక్కుంటారేమోనన్న జంకు కొత్తవారికి ఎంత పెద్దదో ఎరిగినవారికి ఈ మార్పు విలువ తెలుస్తుంది.

పోల్చి చూస్తే మిగతా ఆటల్లో వరుసే సమస్య. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2010 నాటి కాటక్లిజం ఎక్స్‌పాన్షన్ పాత ప్రాంతాల కథలను తిరగరాసింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు కొత్త ఆటగాడు ముందుగా తాజా సంఘటనలు చూసి, అక్కడి నుంచి అంతకుముందటి ఎక్స్‌పాన్షన్ ప్రాంతమైన అవుట్‌లాండ్‌లోని పాత కాలానికి వెళ్లేవాడు. 2020లో వచ్చిన ఎగ్జైల్స్ రీచ్ అనే ఆరంభ ప్రాంతం ఆడటం నేర్పడంలో చక్కగా ఉంటుంది, మొత్తం కథ క్రమాన్ని మాత్రం చెప్పదు. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ 2016 నాటి వన్ టామ్రియల్ మార్పుతో ఎవరైనా ఎక్కడికైనా వెళ్లవచ్చన్న స్వేచ్ఛ ఇచ్చింది. ఆ స్వేచ్ఛ నాకూ ఇష్టమే, కానీ మూల కథ ఏదో తేల్చుకునే భారం ఆటగాడి మీదే పడింది. గిల్డ్ వార్స్ 2లో ప్రధాన కథను చూపే ఆకుపచ్చ గుర్తు, అధ్యాయాల వారీగా ఉన్న స్టోరీ జర్నల్ రెండూ బాగున్నాయి. అయితే తాత్కాలికంగా నడిచి మాయమైన లివింగ్ వరల్డ్ అనే కథా భాగాల మొదటి సీజన్ 2022లో తిరిగి వచ్చేదాకా ఆ వరుసలో పెద్ద ఖాళీ ఉండేది.

ఫైనల్ ఫాంటసీ 14లోనూ తీరవలసిన కొరత ఒకటుంది. తెర మీది గైడ్ ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది తప్ప ఎందుకు వెళుతున్నామో గుర్తుచేయదు. నెలల విరామం తర్వాత వచ్చినవారికి తర్వాతి క్వెస్టు పేరు వెంటనే దొరుకుతుంది, కానీ ఎదురుగా నిలబడిన పాత్ర మిత్రుడో శత్రువో గుర్తుండదు. నిజానికి అందుకు కావలసిన సాధనాలు ఆటలోనే ఉన్నాయి: సత్రం గదిలోని పుస్తకం ద్వారా పాత కట్‌సీన్లు మళ్లీ చూడవచ్చు, న్యూ గేమ్ ప్లస్‌లో అధ్యాయాలను తిరిగి ఆడవచ్చు. అవి ఉన్నాయన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తోంది. తర్వాతి క్వెస్టు పేరు పక్కనే ఒక చిన్న బటన్ పెట్టి, ఇప్పటివరకు జరిగిన కథను నాలుగు పేరాల్లో చదివే వీలు కల్పిస్తే చాలు, విరామం తర్వాత తిరిగి వచ్చేవారికి ఇంతకు మించిన సాయం అక్కరలేదు.