రైజెన్ 5 5600, బి550, ఆర్‌టీఎక్స్ 3060: మూడేళ్ల వాడకం తర్వాత

విడిభాగాలు ఒక్కొక్కటిగా కొని ఇంట్లోనే బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్‌ను విజయవాడలో మూడేళ్లకు పైగా వాడుతున్నాను. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 5 5600, మదర్‌బోర్డు బి550 చిప్‌సెట్‌ది (బోర్డు తరగతిని నిర్ణయించే నియంత్రణ చిప్పు), ర్యామ్ 3200 వేగం గల డీడీఆర్4, గ్రాఫిక్స్ కార్డు 12 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060, భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ 650 వాట్లది. వీటిలో కొన్ని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ, మిగిలినవి ఆన్‌లైన్‌లోనూ కొన్నాను. ఏ ఆటలో ఎన్ని ఫ్రేములు వస్తాయో చెప్పే సమీక్షలకు కొదవ లేదు కనుక, ఈ భాగాలు ఒకదానితో ఒకటి ఎంతవరకు పొసిగాయన్న విషయానికే ఇక్కడ పరిమితమవుతాను.

ఈ మొత్తంలో డబ్బుకు తగ్గ ఫలితం ఎక్కువగా దక్కింది మదర్‌బోర్డు విషయంలోనే. బి450 బోర్డు తక్కువ ధరకు దొరుకుతున్నా బి550 తీసుకోవడానికి కారణం బయోస్, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే భాగాలను గుర్తించి నడిపించే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం. రైజెన్ 5 5600 విడుదలైంది 2022 ఏప్రిల్‌లో. అంతకుముందు తయారై దుకాణంలో నిల్వ ఉన్న బోర్డులో సాకెట్ (ప్రాసెసర్‌ను కూర్చోబెట్టే చోటు) దానికి తగిన ఏఎం4 అయినా, ప్రాసెసర్ అందులో చక్కగా కూర్చున్నా, పాత బయోస్ దానిని గుర్తించకపోవచ్చు. బయోస్ మార్చాలంటే కంప్యూటర్ ఆన్ కావాలి, ఆన్ కావాలంటే కొత్త బయోస్ ఉండాలి. ఈ చిక్కు నుంచి బయటపడటానికి పాత ప్రాసెసర్ ఒకటి అరువు తెచ్చుకోవలసి వస్తుంది. నా బోర్డు వెనుక భాగంలో బయోస్ ఫ్లాష్‌బ్యాక్ మీట ఉంది. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో తయారీదారు చెప్పిన పేరుతో ఫైలు పెట్టి, గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చి మీట నొక్కి పట్టుకుంటే, ప్రాసెసర్, ర్యామ్ ఏవీ లేకుండానే కేవలం కరెంటుతో పని పూర్తవుతుంది. దీపం మిణుకుమంటున్నంతసేపూ కరెంటు పోకూడదు, అంతే. ఈ మీట లేని బోర్డును, ఎంత చవకగా వచ్చినా, ఎవరికీ కొనమని చెప్పను.

రెండో కారణం పీసీఐఈ, అంటే బోర్డుకూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య డేటా నడిచే దారి. బి450లో గ్రాఫిక్స్ కార్డుకు అందేది పాత తరం 3.0, బి550లో అంతకన్నా వేగమైన 4.0. ఆర్‌టీఎక్స్ 3060 పదహారు లేన్లు (డేటా వెళ్లే వరుసలు) వాడుకునే కార్డు కాబట్టి దానికి ఈ తేడా పెద్దగా తెలియదు. కానీ ఎనిమిది లేన్లతో వచ్చే ఆర్ఎక్స్ 6600కు కొంత, నాలుగే లేన్లున్న ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి బాగా తేడా పడుతుంది. తక్కువ ధర కార్డు కొనేవారే పాత బోర్డునూ ఎంచుకుంటారు కనుక నష్టం కూడా వారికే ఎక్కువ. ప్రాసెసర్‌గా 5600జీ తీసుకుంటే బోర్డు బి550 అయినా కార్డుకు 3.0 మాత్రమే అందుతుంది. పేరులో ఒక్క అక్షరం తేడా అనుకుంటాం గానీ అది వేరే చిప్పు, అందులో క్యాష్ (ప్రాసెసర్ లోపల ఉండే వేగమైన చిన్న మెమరీ) కూడా 32 ఎంబీకి బదులు 16 ఎంబీయే.

రెండో ఎస్‌ఎస్‌డీ చేర్చిన రోజున పాత హార్డ్ డిస్కు విండోస్‌లో కనిపించకుండా పోయింది. డిస్కు చెడిపోలేదు. ఈ బోర్డులో ఎస్‌ఎస్‌డీ గుచ్చే రెండో ఎం.2 స్లాటును వాడితే, హార్డ్ డిస్కు కేబుల్ తగిలించే సాటా పోర్టులలో చివరి రెండు పనిచేయడం మానేస్తాయి. మాన్యువల్‌లో స్లాట్ల పట్టిక కింద చిన్న అక్షరాలలో ఆ సంగతి ఉంది. కేబుల్‌ను మొదటి పోర్టుకు మార్చగానే డిస్కు తిరిగి కనిపించింది. పెట్టె మీద ఆరు సాటా పోర్టులు, రెండు ఎం.2 స్లాట్లు అని రాసి ఉంటే అవన్నీ ఒకేసారి పనిచేస్తాయన్న అర్థం లేదు. తయారీదారు సైటులో మాన్యువల్ ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి బోర్డు కొనక ముందే ఆ పేజీ చదవవచ్చు.

ర్యామ్ విషయంలో పెద్దగా ఇబ్బంది రాలేదు. స్టిక్కులు రెండయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి. లేకపోతే 3200 ర్యామ్ కూడా తక్కువ వేగంతోనే నడుస్తుంది. తర్వాత 16 జీబీ చాలనప్పుడు ఖాళీ స్లాట్లు నింపకుండా, 16 జీబీ స్టిక్కులు రెండున్న కిట్ తీసుకుని పాతవి తమ్ముడి కంప్యూటర్‌కు ఇచ్చాను. నాలుగు స్టిక్కులు పెడితే ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ హామీ ఇచ్చే వేగమే తగ్గుతుంది. ఇంటెల్ వైపు వెళ్లేవారికి మరో జాగ్రత్త అవసరం: ఎల్‌జీఏ 1700 సాకెట్ బోర్డులలో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి, గాడి వేర్వేరు చోట్ల ఉండటం వల్ల ఒకటి మరొకదానిలో పట్టదు.

ఎస్‌ఎంపీఎస్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు తీసుకుంటుంది, ఎన్‌విడియా సూచించేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. 650 తీసుకోవడం వల్ల ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోలేదు. డబ్బా మీద 80 ప్లస్ బ్రాంజ్ అని ఉంటే కరెంటు ఎంత వృథా కాకుండా వాడుకుంటుందో తెలుస్తుందే తప్ప లోపలి భాగాల నాణ్యత తెలియదు. అన్నిటికన్నా ప్రమాదకరమైనవి మాడ్యులర్ కేబుళ్లు, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీయగలిగేవి. ఒక కంపెనీ కేబుల్ మరో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌లో సునాయాసంగా దిగుతుంది, కానీ పిన్నుల వరుస వేరుగా ఉంటే 5 వోల్టులు వెళ్లవలసిన చోటికి 12 వోల్టులు వెళ్లి డిస్కు కాలిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లన్నీ ఊడదీయవలసిందే.

మన ఇళ్లలో యూపీఎస్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లు. ఉత్తరాలు రాసుకుంటున్నప్పుడు అది చక్కగా నిలబడేది. ఆట నడుస్తుండగా కరెంటు పోతే మానిటరుతో సహా అంతా ఆరిపోయేది. 1100 వీఏకు మారాక ఆ బాధ తీరింది.

వేసవిలో ప్రాసెసర్ డబ్బాతో వచ్చిన కూలర్ పనిచేసింది గానీ దాని మోత భరించలేక టవర్ కూలర్ బిగించాను. అలా మార్చేటప్పుడు కూలర్ ఎత్తు క్యాబినెట్ వెడల్పులో ఇముడుతుందో లేదో, దాని ఫ్యాను ర్యామ్ స్టిక్కులకు తగులుతుందో లేదో కొలుచుకోవాలి. ముందుభాగం గాజుతో మూసేసిన క్యాబినెట్లు ఫొటోలలోనే బాగుంటాయి. జాలీ ఉన్నది తీసుకోవడం మేలు.

ఏఎం4 సాకెట్ దారి ఇక ముగింపుకు వచ్చినట్టే; కొత్త సాకెట్ ఏఎం5కు మారాలంటే బోర్డు, డీడీఆర్5 ర్యామ్ రెండూ కొత్తగా కొనాలి. ఈ బోర్డులోనే బయోస్ మార్చి 5700ఎక్స్3డీ పెట్టుకునే వీలుంది, అయితే అది 105 వాట్ల ప్రాసెసర్, కూలర్ విడిగా కొనుక్కోవాలి. నేను మాత్రం ముందు గ్రాఫిక్స్ కార్డు మార్చాలనుకుంటున్నాను. మూడు ఫ్యాన్ల కార్డులు చాలావరకు 300 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటున్నాయి కనుక, క్యాబినెట్ ముందు ఫ్యాను మందం తీసేశాక ఎంత చోటు మిగులుతుందో టేపు పెట్టి కొలిచాకే ఆర్డరు పెడతాను.