పాత లారీ ఏసీ పైపుకి ఏది చుడితే మేలు: రబ్బర్ ఫోమా, కార్క్ టేపా, ఫాయిలా?

బానెట్ తెరిచి గానీ క్యాబిన్ ఎత్తి గానీ ఏసీ లావు పైపు ఒకసారి చూడండి, అదే కూలింగ్ కాయిల్ నుంచి కంప్రెసర్‌కి తిరిగి వెళ్ళే చల్ల పైపు. దాని మీద కంపెనీ వేసిన నల్ల స్పాంజ్ ఉంటుంది కదా, వేలితో నొక్కి చూడండి. లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తే పర్లేదు, పొడిపొడిగా రాలి వేలికి మసిలా అంటుకుందంటే మాత్రం దాని పని అయిపోయినట్టే, మార్చాల్సిందే.

ముందు ఒక మాట. పైపు మీది ఈ చుట్టు మార్చినంత మాత్రాన క్యాబిన్ మంచుగడ్డ అయిపోదు. గ్యాస్ తగ్గినా, కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) దుమ్ముతో మూసుకుపోయినా అది వేరే సంగతి. కానీ ఆర్134ఏ గ్యాస్ ఉన్న బండిలో ఆ పైపు లోపల టెంపరేచర్ సున్నాకి కొంచెం పైన తిరుగుతుంటుంది, పక్కనే ఇంజన్ 80, 90 డిగ్రీల్లో కాలుతుంటుంది, ఆ వేడంతా పైపులోకి ఎక్కితే గ్యాస్ పలచబడి వేడిగా కంప్రెసర్‌లోకి వెళ్తుంది, కంప్రెసర్ తిరిగే తిరుగుడు అంతే ఉన్నా లాగే గ్యాస్ తగ్గుతుంది, చల్లదనం ఆ మేరకు పోతుంది. పైగా చుట్టు లేని పైపుకి చెమట పట్టి నీళ్ళు కారుతూనే ఉంటాయి.

ఇక ఏది వేయాలి? నా ఓటు తిన్నగా ఉన్న పైపుకి నైట్రైల్ రబ్బర్ ఫోమ్ ట్యూబ్‌కే. దీంట్లో గాలి గదులు దేనికది మూసుకుని ఉంటాయి, నీళ్ళు పీల్చదు. మామూలుగా 105 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ఇంకా వేడి చోటుకి ఈపీడీఎం రబ్బర్ ఫోమ్ దొరికితే అది ఇంకా మేలు. నీళ్ళు పీల్చకపోవడం గురించి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే నేను మొదటిసారి ఇంట్లో ఉన్న మామూలు స్పాంజ్ చుట్టి పైన కేబుల్ టైలు బిగించేశా, చూడ్డానికి బాగానే ఉంది, కొన్నాళ్ళకి విప్పి పిండితే గుడ్డ పిండినట్టు నీళ్ళు కారాయి, కింద అల్యూమినియం పైపు మీద తెల్లటి బూడిద లాంటి పొడి, గోటితో గీకితే సన్న గుంటలు. తడిసిన స్పాంజ్ వేడిని ఆపదు, నీళ్ళ గుండా వేడి ఇలాంటి ఫోమ్ గుండా కంటే దాదాపు 15 రెట్లు సులువుగా పోతుంది, దానికితోడు పైపుని తినేస్తుంది. అసలేమీ చుట్టకపోతేనే నయం అనిపించింది, నిజంగా.

కార్క్ టేప్ సంగతి వేరే. నల్లగా జిగురుగా పిండిముద్దలా ఉంటుంది, ఎలా వంచితే అలా వంగుతుంది, గ్లూ అక్కర్లేదు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్ ఎంత వదలాలో చూసేది) చుట్టూ, వంపుల దగ్గర, ట్యూబ్ కూర్చోని చోట దీన్ని కొట్టేది లేదు. పాత బండ్లలో వాల్వ్‌కి సన్న తీగ లాంటి గొట్టంతో ఒక బల్బు ఉంటుంది చూడండి, దాన్ని చల్ల పైపుకి క్లిప్పుతో కడతారు, ఆ బల్బుకి ఇంజన్ వేడి తగిలితే పైపే వేడెక్కిందనుకుని వాల్వ్ ఎక్కువ తెరుచుకుంటుంది, అప్పుడు ఆవిరి కాని గ్యాస్ కంప్రెసర్ దాకా పోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ ఒక్క చోట మాత్రం కార్క్ టేప్ రెండు పొరలు గట్టిగా వేయండి, బద్ధకించొద్దు. కానీ పైపు పొడుగంతా ఇదే వేద్దామంటే నేను ఒప్పుకోను, పలచగా ఉంటుంది, బాగా వేడెక్కితే మెత్తబడుతుంది, దుమ్మంతా పట్టుకుంటుంది, మళ్ళీ తీయాలంటే నరకం.

ఫాయిల్ దగ్గర చాలామంది పొరపడతారు. మెరిసే ఫాయిల్ దూరం నుంచి వచ్చే సెగని తిప్పికొడుతుంది అంతే, పైపుకి నేరుగా అంటించేస్తే అది కూడా పైపుతో పాటు చల్లబడి చెమట పడుతుంది. సైలెన్సర్ పైపు పక్కనుంచి వెళ్ళే ముక్క మీద ముందు ఫోమ్ వేసి, దానిపైన ఫాయిల్ వేస్తే మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ప్లంబింగ్‌కి వాడే పాలిథిన్ ఫోమ్ ట్యూబ్ వద్దు, ఇంజన్ సెగని తట్టుకోలేక పాడైపోతుంది.

వేసేటప్పుడు పైపు బయటి కొలత చూసి ట్యూబ్ తెచ్చుకోండి, వదులుగా ఉంటే మధ్యలో గాలి చేరి చెమట పడుతుంది. పాత జిగురు ప్లాస్టిక్ ముక్కతో గీకండి, చాకుతో వద్దు, అల్యూమినియం మెత్తన. ఇంజన్ చల్లారాక, పైపు పూర్తిగా ఆరాక, ట్యూబ్‌ని నిలువుగా కోసి తొడిగి, కోసిన అంచులకి రెండువైపులా కాంటాక్ట్ గ్లూ రాసి, చేతికి అంటనంత ఆరాక కలిపి నొక్కండి. రెండు చివర్లు కూడా మూయాలి, అక్కడే చాలామంది వదిలేస్తారు, తేమ దూరేదీ అక్కడినుంచే. గ్యాస్ ఎక్కించే మూతని, ప్రెషర్ స్విచ్‌ని కప్పేయకండి. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్ళే వేడి పైపు జోలికి అసలు పోవద్దు, దాని వేడి బయటికి పోవాలి.

అయ్యాక ఒక అరగంట ఏసీ నడిపి ఇంజన్ ఆపి, ఫ్యాను ఆగాక అతుకుల వెంట వేలు పెట్టి చూడండి. ఎక్కడైనా చల్లగా తడి తగిలితే అక్కడ అతుకు సరిగ్గా అంటలేదన్నమాట, ఆ ముక్క ఆరబెట్టి మళ్ళీ గ్లూ వేయండి.