పాత మారుతి 800కు ఇంటి దగ్గరే బుష్‌లు మార్చుకుంటే: నాలుగేళ్ల తర్వాత సమీక్ష

మా 2004 మోడల్ మారుతి 800కు ముందు చక్రాల లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్టెబిలైజర్ రాడ్ బుష్‌లు వాకిట్లోనే మార్చి నాలుగేళ్లు దాటింది. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే ఇనుప చెయ్యి, స్టెబిలైజర్ రాడ్ రెండు వైపుల ఆర్మ్‌లనూ కలిపే కడ్డీ, బుష్ అంటే ఆ అతుకుల దగ్గర కుదుపును మింగే రబ్బరు దిమ్మ. కొత్త రబ్బరు పడితే మొదటి నెలలో ఏ బండైనా హాయిగానే ఉంటుంది. అసలు సంగతి ఎండలు, వానలు, తెనాలి చుట్టుపక్కల కాలువ గట్ల మీది గుంతలు దాన్ని వాయించిన తర్వాత తెలుస్తుంది. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

కంపెనీ రబ్బరు బుష్‌కు నిస్సందేహంగా మంచి మార్కులే వేస్తాను. ఆర్మ్‌లో వేసినవి ఇప్పటికీ అవే. ఇదే కంపెనీ బుష్‌ను అంతకుముందు ఒక వర్క్‌షాపులో వేయిస్తే ఏడాది తిరిగేసరికి చిరిగిపోయింది. సరుకు అదే, రోడ్లు అవే, నడిపిన మనిషినీ నేనే. తేడా అంతా బోల్టు ఎప్పుడు బిగించారన్న దానిలోనే ఉంది.

ముందు జబ్బు లక్షణాలు చెబుతాను. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడమ వైపు నుంచి 'టక్' మనే చప్పుడు. గట్టిగా బ్రేకు వేస్తే స్టీరింగు ఒక పక్కకు లాగడం. టైరు లోపలి అంచు ముందుగా అరిగిపోవడం. ఈ మూడూ చూసి షాక్ అబ్సార్బర్లు పోయాయని తేల్చేవాళ్లు చాలామంది ఉంటారు, మాకూ అదే చెప్పారు. బండిని స్టాండు మీద నిలబెట్టి, ఆర్మ్‌కూ బాడీకీ మధ్య టైర్ లివర్ (టైరు విప్పే ఇనుప బద్ద) దూర్చి కదిపితే నిజం బయటపడుతుంది. బుష్ బాగుంటే కొద్దిగా సాగి వెనక్కి వస్తుంది. పోయినదైతే మధ్యనున్న ఉక్కు గొట్టం ఓ పక్కకు ఒరిగి, రబ్బరుకూ దానికీ మధ్య నెలవంక ఆకారంలో సందు కనిపిస్తుంది. మా బండిలో ఆ సందులో నల్లరేగడి మట్టి గట్టిపడి ఉంది.

800లో స్టెబిలైజర్ రాడ్ సంగతి కూడా తెలుసుకోవాలి. మలుపుల్లో బండి ఒరగకుండా చూడటం ఒక్కటే దాని పని కాదు. లోయర్ ఆర్మ్ లోపలి వైపు ఒకే ఒక్క బుష్ మీద ఊగుతుంది. అది ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచేది ఈ రాడ్డే. దాని చివరి బుష్‌లు మెత్తబడితే, బ్రేకు వేసినప్పుడల్లా చక్రం వెనక్కి జరుగుతుంది. కాబట్టి ఆర్మ్ బుష్ మార్చి దీన్ని వదిలేయడం సగం పనే.

విప్పడంలో కష్టమంతా తుప్పుతోనే. ముందురోజు రాత్రే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాలి. వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి, బండిని స్టాండుల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరే ధైర్యం ఎవరికీ వద్దు. ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండు కీలు, అంటే బాల్ జాయింట్ దగ్గర ఈ బండి దయగలది. పిన్ను పట్టే చోట ఒక బోల్టు తీసి, చీలికను కాస్త వెడల్పు చేసి, ఆర్మ్‌ను కిందికి నొక్కితే ఊడి వస్తుంది, పుల్లర్ (బిగుసుకున్న కీలును లాగే పరికరం) అక్కర్లేదు. రాడ్డు చివర నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను మాత్రం విరగకుండా రాదు, కొత్తవి ముందే తెచ్చుకోవాలి.

పాత బుష్‌ను తీయడానికి చాలామంది నిప్పు పెడతారు. ఆ పొగ పీల్చడం ఒంటికి మంచిది కాదు, ఆర్మ్‌కున్న పెయింటూ పోతుంది. బయటికి పొడుచుకొచ్చిన రబ్బరు అంచును కత్తితో కోసేసి, పొడవాటి బోల్టు, నట్టు, మందపాటి వాషర్లు, ఒక పైపు ముక్క పెట్టి లాగితే నెమ్మదిగా జారి వస్తుంది. కొత్తదానికి సబ్బు నీళ్లు రాయాలి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ రాస్తే సులువుగా దిగుతుంది గానీ, ఆ నూనెకు రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. రెండు వైపులా సమానంగా పొడుచుకొచ్చేలా కూర్చోబెట్టాలి. ఈ లాగుడు పని చేయలేనివారు ఆర్మ్ పట్టుకుని విజయవాడ ఆటోనగర్‌కు వెళ్తే, ప్రెస్ ఉన్న ఏ లేత్ షాపులోనైనా టీ తాగి వచ్చేలోపు చేసిస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇక బిగింపు. ఈ బుష్‌లో బేరింగు లాంటిదేమీ లేదు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కు అతుక్కుపోతుంది, ఆ తర్వాత ఆర్మ్ పైకీ కిందికీ ఊగేదంతా రబ్బరు మెలిపడటం వల్లే. చక్రం గాలిలో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, ఆర్మ్ కిందికి వాలి ఉన్న ఆ భంగిమే రబ్బరుకు విశ్రాంతి స్థానం అవుతుంది. బండి నేల మీదికి దిగగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు పిండిన తడిబట్టలా మెలిపడి అలాగే ఉండిపోతుంది. ఇంటి ముందు ఆగి ఉన్నా దానికి విశ్రాంతి ఉండదు. ఇక గుంతలో పడిన ప్రతిసారీ ఆ మెలిక మీద మరో మెలిక. ఏడాదికి చిరగక ఏం చేస్తుంది?

అందుకని బండి పైకెత్తి ఉన్నప్పుడు బోల్టులను చేతి బిగువుతో వదిలేసి, బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. 12 అంగుళాల చక్రాల బండి కిందికి అప్పుడు దూరడం కష్టమే. నేను ముందు చక్రాల కింద మందపాటి టేకు చెక్కలు పేర్చి వాటి మీదికి బండిని ఎక్కించాను, బంపరు మీద రెండు మూడుసార్లు నొక్కి స్ప్రింగులను కుదురుకోనిచ్చాను, స్టీరింగు పూర్తిగా తిప్పి పక్క నుంచి పానా అందించాను. వర్క్‌షాపులో ఎందుకు చేయరంటే, లిఫ్టు మీదే బిగించేస్తే పది నిమిషాలు మిగులుతాయి. మీరు బయటే చేయించుకున్నా, ఈ ఒక్కటీ పక్కన నిలబడి చేయించుకోండి.

రబ్బరుకు బదులు వాడే గట్టి ప్లాస్టిక్ లాంటి పాలియూరిథేన్ బుష్‌ల గురించి అందరూ అడుగుతారు. స్టెబిలైజర్ రాడ్ చివర్లలో మొదట అవే వేశాను. బ్రేకు వేసినప్పుడు బండి గీత గీసినట్టు ఆగేది, అది నిజం. కానీ వర్షాకాలం పోయి దుమ్ము మొదలవగానే కిర్రుకిర్రుమని మొర. సిలికాన్ గ్రీజు పూస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది, మళ్లీ మొదలు. పైగా 650 కిలోల పైచిలుకు తేలికపాటి బండిలో చిన్న గులకరాయి కూడా నేరుగా స్టీరింగులోకి తెలుస్తుంది. రెండో ఏడాది వాటిని పీకేసి కంపెనీ రబ్బరే వేశాను. పందెం బండికి అవి బాగుండొచ్చు, మా అమ్మను గుడికి తీసుకెళ్లే బండికి వద్దు.

కంపెనీ పెట్టెలో రానివి, పేరులేనివి కొనేముందు గోరు గుచ్చి చూడండి. కొన్నింటి రబ్బరు గట్టిగా, పొడిబారి ఉంటుంది. అలాంటివి ఎండకే పగుళ్లిస్తాయి. 800 తయారీ 2014లో ఆగిపోయినా బుష్‌లకు ఇప్పటివరకు ఇబ్బంది పడలేదు.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పదు. దీనిలో పొదుపు చేస్తే కొత్త టైరు రూపంలో కట్టాల్సి వస్తుంది. పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ కోసం తనిఖీకి వెళ్లేవారికి ముందు చక్రాల కింద చప్పుడు లేకపోవడం మంచిదే.

ఈ మధ్య మళ్లీ టైర్ లివర్ పెట్టి చూశాను. రబ్బరు అంచుల్లో సన్నని గీతలు పడ్డాయి, గొట్టం మాత్రం మధ్యలోనే ఉంది. కుడి వైపు బాల్ జాయింట్ కొద్దిగా వదులై ఆడటం మొదలైంది. అది ఆర్మ్‌తో కలిసే వస్తుంది కాబట్టి, ఆ వైపు ఈసారి బుష్ లాగే శ్రమ పడను, ఆర్మ్ మొత్తం కొనేస్తాను. బోల్టు మాత్రం చెక్కల మీదికి ఎక్కించాకే బిగిస్తాను.