ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో అల్టమురా రొట్టె

మొదటి రోజు తిన్న వెంటనే ఈ సమీక్ష రాసి ఉంటే అల్టమురా రొట్టెకు అన్యాయం చేసి ఉండేదాన్ని. 2017లో మావారి ఉద్యోగం కోసం ఇటలీ దక్షిణాన ఉన్న బారీకి వచ్చాం. వచ్చిన వారానికే వీధి చివర బేకరీలో ఒక రొట్టె కొన్నాను. హైదరాబాదులో తిన్న మెత్తటి పాల రొట్టె రుచి ఇంకా నోట్లోనే ఉంది. ఇదేమో చెక్కలా గట్టిగా ఉంది. కత్తి జారింది, నమిలేసరికి దవడలు నొప్పి పుట్టాయి. సగం గుడ్డలో చుట్టి పక్కన పెట్టేశాను. నాలుగో రోజు ఇంట్లో ఇంకేమీ లేక దాన్నే కోసి, పెనం మీద కాల్చి, పైన ఆలివ్ నూనె పోసుకుని తిన్నాను. నిలవ ఉండి కూడా అంత రుచిగా ఉన్న రొట్టెను అంతకుముందు నేను తినలేదు.

అల్టమురా బారీకి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, ముర్జా పీఠభూమి మీద ఉన్న పట్టణం. అక్కడి రొట్టెకు మైదా వాడరు. డ్యూరమ్ అనే గట్టి రకం గోధుమను రవ్వగా మర పట్టి, ఆ రవ్వను మళ్ళీ మెత్తగా ఆడిస్తారు. ఆ పిండి పేరు సెమొలా రిమచినాతా. రొట్టె లోపలి పసుపు రంగు దాని నుంచి వచ్చినదే. 2003లో ఈ రొట్టెకు యూరప్ స్థాయి డీఓపీ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా ప్రాంతంలో అక్కడి పద్ధతిలోనే తయారైందని చెప్పే ముద్ర. రొట్టెల్లో ఆ గుర్తింపు మొదట పొందింది ఇదే. నిబంధన ప్రకారం 100 కిలోల పిండికి 20 కిలోల పులిసిన పిండి, 2 కిలోల సముద్రపు ఉప్పు, సుమారు 60 లీటర్ల నీళ్ళు కలపాలి. బరువు అరకిలోకు, పై బెరడు మందం 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

అంత మందపు బెరడు ఎందుకో తెలిశాక నా కోపం పోయింది. పూర్వం ముర్జా గొర్రెల కాపరులు, రైతులు ఇల్లు విడిచి రోజుల తరబడి పొలాల్లోనే ఉండేవారు. వారం గడిచినా తినగలిగే రొట్టె వాళ్ళకు కావాలి. ఇంట్లో పిండి కలిపి ఊరుమ్మడి పొయ్యికి తీసుకువెళ్ళేవారు. ఏ రొట్టె ఎవరిదో తెలియడానికి ఇంటి యజమాని పేరులోని మొదటి అక్షరాలతో ముద్ర వేసేవారు.

దీన్ని కోయడం నాకు నేర్పింది మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ. ఆవిడ బల్ల మీద పెట్టి కోయరు. రొట్టెను గుండెకు ఆనించి పట్టుకుని, కత్తిని తన వైపు లాక్కుంటూ కోస్తారు. చూస్తుంటే నాకు భయం వేసేది, కానీ ముక్క మాత్రం సమంగా వచ్చేది. ఒకసారి నా చేతిలో నుంచి ఒక ముక్క నేల మీద పడింది. ఆవిడ వంగి తీసి, ముద్దు పెట్టుకుని బల్ల మీద పెట్టారు. కింద పడిన మెతుకును మా అమ్మమ్మ కళ్ళకద్దుకునేది. ఆవిడ ఇంట్లో నాకు కొత్తదనం పోయింది ఆ రోజే.

నిలవ రొట్టెతో చేసే చల్లెడ్డా కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. గట్టిపడిన ముక్కలను నీళ్ళతో తడిపి, టమాటా, ఎర్ర ఉల్లిపాయ, కీరదోస, ఒరెగానో, ఉప్పు, ఆలివ్ నూనె కలపడమే. పేరులోనే చల్లదనం వినిపించింది నాకు. పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుంటూ తిన్న చద్దన్నం గుర్తొచ్చి, గిన్నె ఖాళీ అయ్యేదాకా మాట్లాడలేకపోయాను. అలాంటిదే ఫావె ఎ చికోరియా. పొట్టు తీసిన ఎండు ఫావె (ఒక రకం చిక్కుడు) గింజలను మెత్తగా ముద్దపప్పులా ఉడికించి, పక్కన చేదుగా ఉండే చికోరియా ఆకుకూర పెట్టి, పైన పచ్చి ఆలివ్ నూనె పోస్తారు. మనం నెయ్యి వేసుకున్నట్టే. దానిలో ముంచుకోవడానికి ఈ రొట్టెను మించినది లేదు. మన వంటల్లోనూ బాగా కుదిరింది. నాలుగో రోజు ముక్కలతో చేసిన బ్రెడ్ ఉప్మా ముద్ద కట్టదు, నమలడానికి పట్టు ఉంటుంది. కాల్చిన ముక్క మీద ఆవకాయ పూసుకుంటే మరీ బాగుంటుంది. సాంబారులో మాత్రం వద్దు, పులుపు మీద పులుపు అవుతుంది.

ఇటలీలోనే ఉన్న టస్కనీ ప్రాంతపు రొట్టె విషయంలోనూ మొదట తప్పుగానే అనుకున్నాను. అక్కడి ఫ్లోరెన్సు నగరంలో పొద్దున్నే వెన్న రాసుకుని తింటే ఉప్పు అసలు లేదు. బేకరీవాళ్ళు మరిచిపోయారేమో అనుకున్నాను. అక్కడి సంప్రదాయమే ఉప్పులేని రొట్టె. ఆ రాత్రి రిబొల్లీతా తిన్నప్పుడు అర్థమయింది. అది నల్ల క్యాబేజీ, తెల్ల బీన్సు, నిలవ రొట్టె కలిపి మళ్ళీ మరిగించే చిక్కటి సూప్. ఉప్పంతా అందులోనే ఉంది. మనం మాత్రం అన్నంలో ఉప్పు వేస్తామా? కూరలో ఉంటుంది, అన్నం దాన్ని మోస్తుంది. టస్కనీ రొట్టెను బారీకి తెచ్చుకుని తింటే మాత్రం నాకు నచ్చలేదు. దాని కూర దాని పక్కన ఉండాలి.

సార్డీనియా అనే ఇటలీ దీవిలో చేసే కరసౌ కాగితంలాంటి రొట్టె. పొయ్యిలో పొంగిన వెంటనే రెండు పొరలుగా విడదీసి మళ్ళీ కాలుస్తారు. అప్పడంలా విరుగుతుంది, చాలా కాలం నిలవ ఉంటుంది. మా ఇంట్లో చారుతో తింటాం.

ఇక అల్టమురా రొట్టెలో నాకు కనిపించిన లోపాలు. పెద్దవాళ్ళ పళ్ళకు బెరడు కష్టం. మా అత్తగారు వచ్చినప్పుడు లోపలి గుజ్జు మాత్రమే తిన్నారు. ఇద్దరే ఉన్న ఇంటికి కిలో రొట్టె ఎక్కువ, అరకిలోది చాలు. ఒక సూపర్ మార్కెట్‌లో ‘అల్టమురా రకం’ అని రాసి ఉన్నది కొని మోసపోయాను. రెండో రోజుకే పొడిపొడిగా రాలింది. అందుకే ఆ ఊరి పేరు చూసి ఊరుకోకుండా డీఓపీ గుర్తు కూడా చూసి కొనండి. ఫ్రిజ్‌లో పెట్టవద్దు. కోసిన వైపు కిందికి ఉండేలా చెక్క పలక మీద పెట్టి నూలుగుడ్డ కప్పండి.

ఇంట్లో చేయాలని ఏడుసార్లు ప్రయత్నించాను. పిండి పులియబెట్టడం కష్టం కాలేదు, దోశపిండి నేర్పిన చెయ్యి కదా. కాల్చడమే కుదరలేదు. నిబంధన ప్రకారం 250 డిగ్రీల వేడిలో మొదటి 15 నిమిషాలు పొయ్యి తలుపు తెరిచే ఉంచాలి, తరువాత 45 నిమిషాలు మూయాలి. మా చిన్న ఓవెన్ తలుపు తెరిస్తే వేడంతా వంటింట్లోకే వచ్చేస్తుంది. కాబట్టి ఇంట్లో ఫొకాచ్చా అనే పలచటి రొట్టెకే పరిమితమయ్యాను. బారీ పద్ధతిలో పిండిలో ఉడికిన బంగాళాదుంప కలిపి, పైన టమాటాలు చిదిమి వేస్తాను. రొట్టె మాత్రం శనివారం ఉదయం బేకరీలోనే కొంటాను. ఈ వారం తెచ్చిన దానికి ఇవాళ అయిదో రోజు. ఎర్ర ఉల్లిపాయలు తరిగి పెట్టాను.