నల్లగొండ ప్రింటింగ్ దుకాణంలో రోజ్ టికో బొమ్మకు యాభై రూపాయలు ఎక్కువ

నల్లగొండ గడియారం సెంటర్‌కు కాస్త లోపలి సందులో, కప్పులు, టీషర్టులు, కీచెయిన్ల మీద సినిమా పాత్రల బొమ్మలు అచ్చు వేసి ఇచ్చే చిన్న దుకాణం ఒకటి ఉంది. ఇంటర్ చదువుతున్న మా అక్క కూతురి పుట్టినరోజుకు తనకు నచ్చిన బొమ్మలు వేయిద్దామని గత నెల తనను వెంటబెట్టుకుని వెళ్లాను. పనితనం విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. కప్పు మీది రంగులు రోజూ కడుగుతున్నా మసకబారలేదు. నల్ల కాటన్ టీషర్టుకు సబ్లిమేషన్, అంటే వేడితో రంగును బట్టలోకి ఎక్కించే పద్ధతి, పట్టదని ముందే చెప్పి, ఫిల్మ్ మీద అచ్చు వేసి వేడితో బట్టకు అతికించే డీటీఎఫ్ పద్ధతిలో 400 రూపాయలకు వేసి ఇచ్చారు. తిరగేసి ఉతకాలని, బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ పెట్టవద్దని కూడా ఓపికగా వివరించారు.

నన్ను బాధపెట్టింది వారు ట్యాబ్‌లో చూపించిన బొమ్మల ఆల్బమ్. హీరోలు, విలన్లు, వారి వెంట తిరిగే మగ పాత్రలు అందులో వరుసగా ఉండగా, కథలో సహాయ పాత్రలుగా వచ్చే స్త్రీలు మాత్రం వెతికితే తప్ప కనిపించలేదు. మా పిల్ల కప్పు మీద వేయమని అడిగింది అంతరిక్ష యుద్ధాల హాలీవుడ్ చిత్రాలైన 'స్టార్ వార్స్' వరుసలో 2017లో వచ్చిన చిత్రంలోని రోజ్ టికో అనే సహాయ పాత్రను. అదే చిత్రంలోని పైలట్ పో డామెరాన్ కీచెయిన్‌గా సిద్ధంగా వేలాడుతున్నాడు, రోజ్ లేదు. "గామెను ఎవరు తీస్కోరక్కా, పోరగాళ్లకు గామె పడదు" అన్నాడు దుకాణంలోని తమ్ముడు.

పడకపోవడానికి ఆమె చేసిన నేరం ఏమిటి? ప్రాణం ఇవ్వడానికి దూసుకుపోతున్న సహచరుడు ఫిన్‌ను అడ్డుకుని బతికించింది, యుద్ధం మధ్యలో తన మనసులోని మాట చెప్పింది. పో సంగతి చూడండి. చిత్రం మొదట్లోనే, వెనక్కి రమ్మన్న సేనాని లేయా ఆజ్ఞను ధిక్కరించి దాడి సాగించి, బాంబర్ విమానాలన్నిటినీ పోగొడతాడు. ఆ దాడిలో చనిపోయిన వారిలో రోజ్ సొంత అక్క పెయిజ్ కూడా ఉంది. ఆ తర్వాత అతడే తన పైఅధికారిణి మీద తిరుగుబాటుకు దిగుతాడు. అతడిది కుర్రతనపు దుడుకని, తప్పుల నుంచి నేర్చుకుంటున్నాడని వెనకేసుకొచ్చే అభిమానులే, ఒక ప్రాణం నిలబెట్టిన రోజ్ కథను చెడగొట్టిందని అంటారు. ఆ ద్వేషం పాత్రతో ఆగలేదు. ఆ పాత్ర వేసిన, వియత్నాం మూలాలున్న కుటుంబానికి చెందిన నటి కెల్లీ మేరీ ట్రాన్‌ను జాతిని, రూపాన్ని ఎత్తి దూషించారు. 2018లో ఆమె తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తీసేసింది. 2019లో వచ్చిన తర్వాతి చిత్రంలో రోజ్ తెర మీద ఉన్నది నిమిషం పైచిలుకు మాత్రమే.

ఇది ఎక్కడో దూరదేశపు జబ్బు అనుకోవడానికి వీల్లేదు. టీషర్టు మీదకు 'బాహుబలి' శివగామిని అడిగినప్పుడు, పక్కన నిలబడ్డ పెద్దాయన నొసలు చిట్లించి "కొడుకును సంపించిన తల్లి బొమ్మ ఎందుకు బిడ్డా?" అన్నారు. కత్తి దింపిన కట్టప్ప అదే గోడ మీద మూడు సైజుల్లో ఉన్నాడు. కట్టుబానిస ఆజ్ఞ మీరలేడు గనుక కట్టప్ప మీద జాలి చూపడం న్యాయమే. అయితే ఆ జాలి కూడా ఆయన విధేయుడిగా ఉన్నందుకే దక్కిందని, ఒకవేళ ఎదురు తిరిగి ఉంటే ఇదే ప్రేమ దక్కేది కాదని నాకు అనిపిస్తుంది. మోసపోయి ఆజ్ఞ ఇచ్చిన శివగామి, నిజం తెలిసిన వెంటనే పసిబిడ్డను రాజుగా ప్రకటించి, ఆ బిడ్డను నీళ్ల మీద ఎత్తిపట్టి ప్రాణం విడిచింది. ఆ పశ్చాత్తాపాన్ని లెక్కలోకి తీసుకునేవారు ఎందుకింత తక్కువ?

బిల్లులో కప్పుకు 250 రూపాయలతో పాటు, ఆల్బమ్‌లో లేని బొమ్మ గనుక డిజైన్ రుసుము మరో 50 రూపాయలు వేశారు. చిన్న మొత్తమే, అయినా పో కీచెయిన్ కొనే అబ్బాయి ఎన్నడూ కట్టని డబ్బు అది. అభిమానుల ఇష్టాయిష్టాలకు దుకాణదారు బాధ్యుడు కాడు గానీ, ఒకసారి డిజైన్ చేసిన రోజ్‌ను ఆల్బమ్‌లోనే ఉంచమని అడిగాను, తమ్ముడు సరేనని అక్కడే సేవ్ చేశాడు. అచ్చు పని కోసం ఈ దుకాణానికి నిస్సందేహంగా వెళ్లవచ్చు. కావలసిన పాత్ర బొమ్మను మాత్రం ఫోన్‌లో పెద్ద సైజులో తీసుకెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత మూసి ఉంటుంది.