రెండేళ్ల తుయ్‌నా, నా మెడ

షాంఘైలో ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలంలోనే మెడ పట్టేసింది. వెనక్కి చూడాలంటే భుజాలతో సహా మొత్తం తిరగాల్సి వచ్చేది. ఆఫీసులో పక్క సీటతను తుయ్‌నా అనే చైనా సంప్రదాయ మర్దన చేయించుకోమన్నాడు. అప్పటి నుంచి రెండేళ్లుగా వెళ్తున్నాను.

మన ఇళ్లలో చేసే నూనె మర్దన లాంటిదే అనుకుని పాత బనియను వేసుకెళ్లాను. నూనె లేదు సరికదా, చొక్కా కూడా విప్పనివ్వలేదు. పైన గుడ్డ కప్పి మొదలుపెట్టారు. తుయ్ అంటే నెట్టడం, నా అంటే పట్టి పైకి లాగడం.

నాకు బాగా పనిచేసింది 'గున్', అంటే దొర్లించడం. చేతి వెనక భాగాన్ని చిటికెనవేలి వైపు నుంచి కండరం మీద ఆనించి, మణికట్టుతో ముందుకీ వెనక్కీ దొర్లిస్తారు. అచ్చం అప్పడాల కర్రే. నిమిషానికి 120 నుంచి 160 సార్లు. చెయ్యి చర్మం మీద జారదు, మంట పుట్టదు, బరువు మాత్రం లోపలికి దిగుతుంది. 1940ల్లో ఇదే ఊళ్లో దింగ్ జీఫెంగ్ ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. నేర్చుకునేవాళ్లు ముందు బియ్యం మూట మీద చెయ్యి కుదుర్చుకుంటారు. కుదరని చెయ్యి పడితే రెండో నిమిషంలోనే తెలిసిపోతుంది.

తర్వాత బొటనవేలితో వెతుకుతూ నొక్కుతారు. ఓ చోట 'అబ్బా!' అన్నాను. మర్దన చేసే ఆయన నవ్వి అక్కడే ఆగాడు. అలాంటి చోట్లను 'ఆ షీ' అంటారు. ఆ మాటకు అర్థం 'ఆఁ, అదే!' అని. ఆయనకు చూపు లేదు. చైనాలో చూపులేనివాళ్లు చాలామందికి ఇదే వృత్తి.

నొప్పి ఉందంటే లోపల 'చీ' అనే ప్రాణశక్తి ప్రవాహం ఆగిందని వాళ్ల లెక్క. ఆ సిద్ధాంతం నాకు ఎక్కలేదు, చెయ్యి మాత్రం ఎక్కింది.

మొదటి మూడుసార్లూ మర్నాడు ఒళ్లంతా పులిసిపోయింది. వారానికోసారి వెళ్తే రెండు నెలలకు మెడ తిరిగింది, సాయంత్రం తలనొప్పులూ తగ్గాయి. వేళ్ల తిమ్మిరి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆలస్యంగా ఎమ్మారై తీయిస్తే డిస్క్ నరాన్ని నొక్కుతోందని తేలింది. తిమ్మిరి ఉన్నవాళ్లు ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

ఒకసారి మా ఆవిడ వెంట వచ్చింది. అప్పుడామెకు ఐదో నెల. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే 'హగూ' చోటు ముట్టుకోకుండానే ఆమెను పంపేశారు. గర్భిణులకు అక్కడ నొక్కకూడదన్నది వాళ్ల పాత నియమం. ఆ జాగ్రత్త నచ్చింది.

అన్నిచోట్లా అంత జాగ్రత్త ఉండదు. ఓసారి ఇంకో దుకాణంలో చెప్పాపెట్టకుండా మెడ 'టక్'మని తిప్పేశారు. మూడు రోజులు దిండు మీద తల ఆనలేదు. నాకొచ్చిన చైనీస్ అంతంత మాత్రమే గానీ, 'మెడ తిప్పొద్దు' అన్న మాట మాత్రం బల్ల ఎక్కకముందే తప్పుల్లేకుండా చెప్పేస్తాను.