మిల్లు మూతపడ్డాక: కోర్సులో చేరడం మేలా, పనిలో చేరి నేర్చుకోవడం మేలా?

గుంటూరు చుట్టుపక్కల ఏ స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టులు తగ్గినా, ఏ యూనిట్ ఆగినా నా ఫోను మోగడం మొదలవుతుంది. ఒక మిల్లు టైమ్ ఆఫీసులో చాలాకాలం పనిచేశాను కాబట్టి, కార్డు పంచ్ చేసి లోపలికి వెళ్లిన వాళ్లలో చాలామంది నాకు తెలుసు. అందరూ అడిగేది ఒకటే: "సార్, ఇప్పుడు ఏ కోర్సు చేస్తే ఉద్యోగం వస్తుంది?"

అడిగేవాళ్లు ఎక్కువగా ముప్ఫై దాటి నలభై ఐదు లోపు వాళ్లు. చదువు పదో తరగతో ఇంటరో. అద్దె ఇల్లు, స్కూలు ఫీజులు, బండి మీద ఈఎంఐ. వీళ్ల ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఫీజు కట్టి కంప్యూటర్ కోర్సు చేయడం, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే శిక్షణలో చేరడం, లేదా ఎక్కడో హెల్పరుగా చేరి పని చేస్తూనే నేర్చుకోవడం. నా లెక్కలో వీటి మధ్య తేల్చేది ఒక్క విషయమే. నేర్చుకునే నెలల్లో ఇల్లు ఎలా గడుస్తుంది? కోర్సు మంచిదా కాదా అన్నది ఆ తర్వాత చూసుకోవాల్సిన సంగతి. పాఠం అర్థం కాక శిక్షణ మానేసినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. రెండో నెల అద్దె కట్టలేక, సగంలో వదిలేసి దొరికిన కూలికి వెళ్లిపోయినవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

అందుకే ముందు చేతికి రావాల్సిన డబ్బు లెక్క చూసుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. బేసిక్, డీఏ కలిపి 18,000 ఉండి, ఎనిమిదేళ్లు చేసినవాళ్లకు అది సుమారు 83,000. యాజమాన్యమే తీసేస్తే సర్వీసులో నిండిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. తీసేసిన ప్రతి కార్మికుడి పేరున యాజమాన్యం మరో 15 రోజుల వేతనాన్ని రీస్కిల్లింగ్ నిధికి, అంటే కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధికి, కట్టాలి, ఆ డబ్బు 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. ఇఎస్ఐ కట్ అవుతూ వచ్చినవాళ్లకు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. ఉద్యోగం పోయినప్పుడు సగటు వేతనంలో సగం చొప్పున 90 రోజుల వరకు ఇస్తారు, జీవితంలో ఒక్కసారే. దీని గడువును విడతలవారీగా పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ఇఎస్ఐ ఆఫీసుకు వెళ్లి ఇప్పటి పరిస్థితి కనుక్కోండి. కాంట్రాక్టర్ కింద పనిచేశాం, మాకేం రాదులే అనుకోకండి. చందా కట్ అయిన రికార్డు ఉంటే అడిగే హక్కు ఉన్నట్టే.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. "రాజీనామా రాసిస్తే లెక్క తొందరగా తేలుస్తాం" అని ఎవరన్నా సంతకం పెట్టకండి. రాజీనామా చేస్తే మీ అంతట మీరే మానుకున్నట్టు అవుతుంది. తీసేసినందుకు రావాల్సిన పరిహారం, ఆ రీస్కిల్లింగ్ డబ్బు, రెండూ పోతాయి. శిక్షణ కాలంలో మీ ఇంటిని నిలబెట్టే డబ్బు అదే.

ఇక కంప్యూటర్ కోర్సు సంగతి. విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల బోర్డులు చూసి, లేకపోతే అమీర్‌పేట వెళ్లొచ్చిన బావమరిది మాట విని చాలామంది దీనివైపు మొగ్గుతారు. ఇరవై రెండేళ్ల వయసు, డిగ్రీ, ఇంట్లో సంపాదించేవాళ్లు ఇంకొకరు ఉంటే తప్పకుండా వెళ్లమంటాను. కానీ నూలు వడికే రింగ్ ఫ్రేమ్ మీద పన్నెండేళ్లు చేసిన మనిషి గ్రాట్యుటీ డబ్బు తీసుకెళ్లి కోర్సు ఫీజు కడతానంటే నాకు భయం వేస్తుంది. కోర్సు అయ్యాక ఫ్రెషర్లతో పోటీ పడాలి, అప్పటిదాకా రూపాయి రాదు. మిల్లులో స్టోర్స్, డిస్పాచ్, బిల్లింగ్ చూసినవాళ్ల విషయం వేరు. వాళ్లకు లెక్కలు ముందే వచ్చు కాబట్టి టాలీ, జీఎస్టీ పని సాయంత్రం బ్యాచ్‌లో నేర్చుకుంటే విజయవాడ పక్కన గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లోనో, బట్టల మార్కెట్ వస్త్రలతలోనో గుమాస్తాగా కుదురుకోవచ్చు.

ప్రభుత్వ శిక్షణను తక్కువ చేయను. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కిందా, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కేంద్రాల్లోనూ ఫీజు ఉండదు. పద్ధతిగా నేర్పుతారు. కరెంటు పనిలో ఎర్తింగ్ ఎందుకో, ఎత్తులో పనిచేసేటప్పుడు బెల్టు ఎందుకో అక్కడ చెప్పినట్టు మేస్త్రి చెప్పడు. చిక్కంతా క్లాసు పగలు కావడమే. పగలంతా క్లాసులో కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్టే. చేరేముందు అక్కడివాళ్లను ఒకటి అడగండి: "పోయిన బ్యాచ్‌లో నేర్చుకున్న ముగ్గురి నంబర్లు ఇస్తారా?" ఇస్తే ఫోన్ చేసి, ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారో, ఎంత వస్తోందో కనుక్కోండి. నంబర్లివ్వడానికి వెనకాడితే ఆలోచించుకోండి. పూర్తి ఐటీఐ అంటే ఎలక్ట్రీషియన్‌కూ ఫిట్టర్‌కూ రెండేళ్లు, వెల్డర్‌కు ఏడాది. అది మీ అబ్బాయికి మంచి దారి. మీకు ఆ వ్యవధి లేదు.

నా మొగ్గు మూడో దారి వైపే. జీతం తక్కువైనా మొదటి నెల నుంచే చేతిలో ఎంతో కొంత పడుతుంది. పైగా మిల్లు నుంచి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో రారు. మా మిల్లులో గాలిలో తేమ సరిచూసే హ్యూమిడిఫికేషన్ ప్లాంటు చూసిన కుర్రాళ్లకు ఫ్యాన్లు, పంపులు, మోటార్లు తెలుసు. ఏసీ మెకానిక్ పని వాళ్లకు పక్క గది లాంటిది. నూలును కోన్లకు చుట్టే ఆటోకోనర్ మెషిన్‌కు గాలి అందించే కంప్రెసర్ల దగ్గర చేసినవాళ్లకూ అంతే. రింగ్ ఫ్రేమ్ ఫిట్టర్‌కు బేరింగు, బెల్టు, అలైన్‌మెంట్ చేతిలో ఉంటాయి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డుకో, బాడీ బిల్డింగ్ షెడ్డుకో వెళ్తే అతన్ని కొత్తవాడిగా చూడరు. అమరావతి పనులు 2025 మే నెలలో మళ్లీ మొదలయ్యాక ఎలక్ట్రీషియన్, ప్లంబింగ్ పనివాళ్లకు ఇటువైపు కూడా గిరాకీ ఉంది. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లాల్సి వస్తే రైలు సీజన్ టికెట్ తీసుకోండి, రోజూ బస్సు ఛార్జీ పెడితే హెల్పరు జీతంలో మిగిలేది ఉండదు.

ఈ దారిలో ఇబ్బంది లేకపోలేదు. కొందరు మేస్త్రులు ఏడాదంతా పానాలు అందించే పనే చెప్తారు, అసలు పనిలో చెయ్యి పెట్టనివ్వరు. కాబట్టి చేరేరోజే మాట్లాడుకోండి. మూడు నెలల్లో ఏ పని నేర్పుతారు, ఎప్పుడు జీతం పెంచుతారు అని, మధ్యలో తెలిసిన పెద్దమనిషిని ఒకరిని పెట్టుకుని అడగండి. ఏసీ పనికి ఇంకో లోటుంది. మార్చి నుంచి జూన్ దాకా ఊపిరాడదు, వానలు పడ్డాక పని పలచబడుతుంది. మాఘంలో చేరితే ఎండాకాలమంతా చెయ్యి తిరుగుతుంది, దసరాకు చేరితే ఖాళీగా కూర్చోవాలి. చేతిలో పని ఉండి కాగితం లేదనే దిగులుకు మందుంది. కౌశల్ వికాస్ యోజనలోనే, ముందే వచ్చిన పనికి చిన్న శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. పని మానకుండానే అది చేసుకోవచ్చు. అప్రెంటిస్‌షిప్ కూడా స్టైపెండ్ ఇచ్చే దారే. అందులో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. కాకపోతే కంపెనీలు అప్పుడే ఐటీఐ అయినవాళ్లనే ఎక్కువగా తీసుకుంటాయి.

ఆడవాళ్ల విషయంలో ఇదే కొలత ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మిల్లు ఆగగానే చాలామంది మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తారు. రోజు కూలి వస్తుంది, కానీ సీజన్ అయిపోతే అదీ ఉండదు. చదువు పదో తరగతి దాటి, రాత్రి షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకుంటే కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఆసుపత్రుల్లో నర్సింగ్ అసిస్టెంటుగా జీతంతో నేర్చుకునే చోటు వెతకమంటాను. ఇంట్లో ఇప్పటికే కుట్టుపని చేసి సంపాదిస్తున్నవాళ్లు చేతివృత్తులవాళ్లకు కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం చూడండి. అందులో శిక్షణ రోజులకు రోజుకు 500 ఇస్తారు, పనిముట్లకు 15,000 విలువైన సాయం ఉంటుంది. శిక్షణ కాలానికి డబ్బిచ్చే పథకం కాబట్టే దాన్ని ప్రత్యేకంగా చెప్తున్నాను.

లోను తీసుకుని షాపు పెట్టడం గురించి కూడా అడుగుతారు. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం పెట్టిన పీఎంఈజీపీ పథకంలో సబ్సిడీ ఉంది, నిజమే. కానీ ఆ వ్యాపారంలో అనుభవం లేకుండా, ఉద్యోగం పోయిన నెలలోనే అప్పులోకి దిగొద్దు. జాబ్ మేళాలకు వెళ్లండి, పోయేదేమీ లేదు.

ఏ దారి పట్టినా మిల్లు గేటు దాటే ముందు అనుభవ పత్రం తీసుకోండి. అందులో "వర్కర్" అని మాత్రమే రాస్తే ఒప్పుకోవద్దు. ఏ విభాగం, ఏ మెషిన్, ఏ మెయింటెనెన్స్ పని, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది రాయించి, స్టాంపు వేయించుకోండి. ఆటోనగర్‌లో షెడ్డు యజమాని అయినా, ఆర్‌పీఎల్ పరీక్ష పెట్టేవాళ్లయినా ముందు అడిగేది మీరు ఏ మెషిన్ మీద చేశారనే.